శాటిలైట్ రికార్డర్ కొంటున్నారా? డిస్క్ సంగతి తర్వాత, ముందు వైర్లు లెక్కపెట్టండి

శాటిలైట్ టీవీ రికార్డర్ కొనాలనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: 500 జీబీ సరిపోతుందా, ఒక టీబీ తీసుకోవాలా? డిస్క్ చిన్నదైతే చూసేసినవి తుడిచేయొచ్చు, చాలా పెట్టెలకు రేపు ఇంకో డిస్క్ తగిలించుకోవచ్చు కూడా. కానీ డిష్ నుంచి ఇంట్లోకి ఒక్క వైరే దిగుతుంటే, పెట్టె మీద ఎన్ని ట్యూనర్లని (సిగ్నల్‌లోంచి ఛానల్‌ను పట్టుకునే భాగాలు) రాసి ఉన్నా, ఒక ఛానల్ రికార్డవుతున్నప్పుడు ఇంకో ఛానల్ చూడటం చాలాసార్లు కుదరదు. అలాంటి ఇంట్లో ఖరీదైన పెట్టె కూడా సగం పనే చేస్తుంది, తప్పు పెట్టెది కాకపోయినా తిట్లు దానికే. కాబట్టి మోడళ్లు చూసేముందు డిష్ దగ్గరికి వెళ్లి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేతికి బిగించి ఉండే, సిగ్నల్ పట్టుకునే చిన్న డబ్బా) వెనక ఎన్ని సాకెట్లున్నాయో, వాటిలో ఎన్నింటి నుంచి వైర్లు దిగుతున్నాయో చూసి రండి.

ఒక్క వైరుతో చిక్కేంటి

ఇంటి మీద పెట్టుకునే చిన్న డిష్‌లు వాడే కేయూ బ్యాండ్‌లో టీవీ సిగ్నల్ 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య దిగుతుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ మామూలు వైరులో ఎక్కువ దూరం రాలేదు, దారిలోనే నీరసించిపోతుంది, అందుకని డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ దాన్ని 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించి పంపుతుంది. పైన ఉన్న బ్యాండ్ వెడల్పు 2,050 మెగాహెర్ట్జ్, అదీ హారిజాంటల్, వెర్టికల్ అని రెండు పోలరైజేషన్లలో (తరంగం అడ్డంగానో నిలువుగానో ఊగే దిశ). వైరులో ఉన్న చోటేమో 1,200 మెగాహెర్ట్జ్. అన్నీ ఒకేసారి పట్టవు కాబట్టి, యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ అయితే రికార్డర్ తనకు ఏ భాగం కావాలో వైరు మీదుగానే చెబుతుంది. 13 వోల్టులు పంపితే వెర్టికల్, 18 వోల్టులైతే హారిజాంటల్. దానికి 22 కిలోహెర్ట్జ్ టోన్ కలిపితే పై బ్యాండ్, కలపకపోతే కింది బ్యాండ్. అంటే ఒక వైరులో ఒక సమయంలో వచ్చేది మొత్తంలో ఒక పావు మాత్రమే.

ఇప్పుడు రెండు ట్యూనర్లున్న పెట్టెను ఒకే వైరుకు తగిలించారనుకోండి, మొదటి ట్యూనర్ ఏ పావు అడిగిందో రెండోది కూడా ఆ పావులో ఉన్న ఛానళ్లతోనే సర్దుకోవాలి. మధ్యలో మామూలు స్ప్లిటర్ పెట్టినా ఇంతే, ఒకటి 13 అడిగి ఇంకోటి 18 అడిగితే ఎల్‌ఎన్‌బీ ఇద్దరి మాటా వినలేదు. వెనక సాకెట్‌లో 'లూప్ అవుట్' ఉంది కదా అని దాన్ని రెండో ట్యూనర్‌కు కలిపినా పరిమితి అదే. ఒక చిన్న ఊరట ఉంది: ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం నుంచి ఒక ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఛానళ్ల మూట) మీద ఐదో పదో ఛానళ్లు కలిసి వస్తాయి, అవన్నీ ఒక్క ట్యూనర్‌కే అందుతాయి, పెట్టె సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే వాటిలో రెండు మూడు ఒకేసారి రికార్డు చేయొచ్చు. ఒకటే ట్యూనర్ ఉన్న పెట్టెల ప్రకటనల్లో 'రెండు ఛానళ్లు ఒకేసారి' అని కనిపిస్తే చాలావరకు దాని అర్థం ఇదే.

దీనికి మందు మూడు రకాలు. ఎల్‌ఎన్‌బీని రెండు లేదా నాలుగు అవుట్‌పుట్‌లున్నదానికి మార్చి ఇంకో వైరు లాగడం మొదటిది. వైరు లాగే వీలు లేకపోతే యూనీకేబుల్ ఎల్‌ఎన్‌బీ, దీంట్లో ఒకే వైరు మీద ఒక్కో ట్యూనర్‌కు వేరే ఫ్రీక్వెన్సీ కేటాయిస్తారు, పాత ఈఎన్ 50494 పద్ధతిలో 8 ట్యూనర్ల దాకా, కొత్త ఈఎన్ 50607 పద్ధతిలో 32 దాకా. పెట్టె కూడా ఆ పద్ధతిని అర్థం చేసుకోగలగాలి, ఒక్కో ట్యూనర్‌కూ నంబరు, ఫ్రీక్వెన్సీ మెనూలో సరిగ్గా పెట్టాలి. మూడోది వైడ్‌బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ, ఇది పోలరైజేషన్‌కు ఒక వైరు చొప్పున రెండు వైర్లలో మొత్తం బ్యాండ్‌ను దించేస్తుంది, కానీ అలాంటి ట్యూనర్ ఉన్న పెట్టెలతోనే పనిచేస్తుంది, మామూలు పెట్టె తగిలిస్తే పనికిరాదు. మీ సర్వీసు వాళ్లే డిష్ పెట్టి ఉంటే ఎల్‌ఎన్‌బీ ముట్టుకునేముందు వాళ్ల పెట్టెకు ఏది నప్పుతుందో కనుక్కోండి.

నా ఓటు రెండో వైరుకే. గోడకు ఇంకో రంధ్రం పడుతుందన్న బాధ తప్పితే అందులో సెట్టింగుల తలనొప్పి లేదు, చెడిపోతే ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

ఇక పెట్టెల సంగతి

చందా కట్టించుకునే సర్వీసులు ఇచ్చే రికార్డర్ అన్నింటికంటే సులువు. గైడ్ (తెర మీద కనిపించే కార్యక్రమాల జాబితా) బాగుంటుంది, సీరియల్ పేరు మీద ఒక బటన్ నొక్కితే అన్ని ఎపిసోడ్లూ వరసగా పడతాయి, ప్రసారం పావుగంట ఆలస్యమైతే చాలా పెట్టెలు దాన్ని కూడా పట్టుకుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు వాడతారంటే, వేరే ఆలోచన పెట్టుకోకుండా దీనివైపే మొగ్గొచ్చు. అయితే అందులో పడ్డ రికార్డింగ్ మీది అనుకోవద్దు. ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటాయి, ఆ తాళం ఆ పెట్టెకూ దాంట్లోని చందా కార్డుకూ ముడిపడి ఉంటుంది. డిస్క్ విప్పి కంప్యూటర్‌కు తగిలిస్తే ఏమీ రాదు, పెట్టె పాడై కొత్తది ఇస్తే పాతవి పోయినట్టే, చందా ఆపేస్తే పాత రికార్డింగులు తెరుచుకోకపోవడం కూడా మామూలే. చూసి తుడిచేసేవాళ్లకు దీనివల్ల నష్టం లేదు. పిల్లల కార్యక్రమాలో, కచేరీలో ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునేవాళ్లు మాత్రం కొనేముందే ఈ మాట సూటిగా అడగండి: చందా ఆపితే పాతవి ప్లే అవుతాయా?

టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉండి, వెనక యూఎస్‌బీలో డిస్క్ పెడితే రికార్డు చేసుకునే రకం ఇంకోటి. కొత్త పెట్టె లేదు, ఇంకో రిమోట్ లేదు, ఖర్చు డిస్క్ ఒక్కటే. రోజూ వచ్చే ఒక సీరియల్ కోసమైతే ఇది చాలు. కానీ చాలా టీవీల్లో ట్యూనర్ ఒకటే, రికార్డవుతుంటే ఛానల్ మార్చనివ్వదు. డిస్క్‌ను టీవీ తన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది, ఆ రికార్డింగులు ఎక్కువ శాతం ఆ ఒక్క టీవీలోనే ఆడతాయి, అదే కంపెనీ అదే మోడల్ ఇంకో టీవీకి పెట్టినా గుర్తుపట్టదు. టీవీ మదర్‌బోర్డు మార్చాల్సివస్తే అన్నీ గల్లంతు. ఇంకోటి, టైమర్ పెట్టి టీవీని మెయిన్ స్విచ్ దగ్గర ఆపేస్తే రికార్డు కాదు. ఇది అందరికీ తెలిసిన విషయమే అనిపిస్తుంది గానీ రాత్రి పడుకునేముందు అన్ని స్విచ్‌లూ ఆపేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

ఉచిత ఛానళ్లే చూసేవాళ్లకు మామూలు రిసీవర్, దానికో యూఎస్‌బీ డిస్క్. పెట్టె మీద 'పీవీఆర్ రెడీ' అని ఉంటుంది, అంటే రికార్డు చేయగలదు కానీ డిస్క్ మీరే పెట్టుకోవాలి. దీని పెద్ద సుగుణం ఏంటంటే, ఉచిత ఛానల్ రికార్డు చేస్తే చాలా పెట్టెల్లో అది మామూలు టీఎస్ వీడియో ఫైలుగా పడుతుంది, డిస్క్ తీసి కంప్యూటర్‌కు పెట్టి వీఎల్‌సీ ప్లేయర్‌లో చూసుకోవచ్చు, ఎక్కడైనా దాచుకోవచ్చు. ప్రసారమైన డేటాను అలాగే రాసేస్తుంది కాబట్టి నాణ్యత కూడా ఏమీ తగ్గదు. మరి ఇంకేం కావాలి అంటారా? మెనూలు ఘోరంగా ఉంటాయి. గైడ్ నుంచి సీరియల్ మొత్తానికి ఒకేసారి టైమర్ పెట్టే సదుపాయం చాలావాటిలో ఉండదు, 'సోమ నుంచి శుక్ర, 8 నుంచి 8:30' అని గంటల లెక్కన పెట్టుకోవాలి, ప్రసార సమయం ముందుకో వెనక్కో మారితే పెట్టెకు తెలియదు. దీనికి నేను చెప్పేది, ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు అదనంగా పెట్టండి.

లైనక్స్ మీద నడిచే, ఎనిగ్మా2 అనే సాఫ్ట్‌వేర్ ఉన్న పెట్టెలు ఇంకో తరగతి, డ్రీమ్‌బాక్స్, వీయూప్లస్ లాంటివి. వీటిలో ఎఫ్‌బీసీ రకం ట్యూనర్ ఉన్నవి రెండు వైర్ల మీద ఎనిమిది డీమాడ్యులేటర్లు (ఒక్కొక్కటి ఒక ట్యూనర్ పని చేస్తుంది) నడుపుతాయి, ఇక్కడా పావుల లెక్క వర్తిస్తుంది, రెండు మామూలు వైర్లంటే ఒకేసారి రెండు పావులే, మొత్తం కావాలంటే యూనీకేబుల్ లేదా వైడ్‌బ్యాండ్ ఉండాల్సిందే. ఫోన్ నుంచి టైమర్ పెట్టొచ్చు, రికార్డింగ్ నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోని డిస్క్‌కు పంపొచ్చు, గైడ్‌ను మీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. ఇలాంటివి కెలుక్కుంటూ కూర్చోవడం మీకు సరదా అయితే దీన్ని మించింది లేదు. సరదా లేకపోతే కొనొద్దు, ఎందుకంటే అది చెడిన రోజు ఇంట్లో అందరూ మీవైపే చూస్తారు.

చివరగా పెట్టే లేని పద్ధతి. శాట్ ఐపీ అని 2012లో ఎస్‌ఈఎస్ వంటి సంస్థలు ముందుకు తెచ్చాయి, ట్యూనర్లను డిష్ దగ్గరో అటకమీదో ఒక సర్వర్‌లో పెట్టి సిగ్నల్‌ను ఇంటి నెట్‌వర్క్‌లోకి వదులుతారు. టీవీహెడ్‌ఎండ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక చిన్న కంప్యూటర్‌లో నడిపితే రికార్డింగులన్నీ ఒకచోట పడి ఏ గదిలోనైనా, ఏ ఫోన్‌లోనైనా కనిపిస్తాయి. ఇళ్లలో మూడు నాలుగు తెరలున్నవాళ్లకు బాగా పనికొస్తుంది. వైఫై మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి, ఒక ప్యాకెట్ పోయినా బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, ట్యూనర్ నుంచి రికార్డు చేసే కంప్యూటర్ దాకా వైరే ఉండాలి. చందా ఛానళ్ల తాళం తీయడం (డీక్రిప్షన్) ఇక్కడ పెద్ద అడ్డంకి. అన్నట్టు, సీఐ ప్లస్ మాడ్యూల్‌లో (టీవీకో పెట్టెకో తగిలించే, చందా ఛానళ్ల తాళం తీసే ముక్క) చందా కార్డు పెట్టుకుని టీవీలోనో పెట్టెలోనో రికార్డు చేద్దామనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, ఏ కార్యక్రమం రికార్డు కావాలో ఏది వద్దో ప్రసారకర్త సిగ్నల్‌లోనే చెప్పగలడు, కొన్నింటికి ఆపి చూడటానికి 90 నిమిషాల గడువు మాత్రమే ఉంటుంది.

డిస్క్ లెక్క

రికార్డింగ్ సైజు పెట్టెను బట్టి కాదు, ఛానల్ బిట్‌రేటును (సెకనుకు వచ్చే డేటా, ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు) బట్టి ఉంటుంది. 8 ఎంబీపీఎస్ హెచ్‌డీ ఛానల్ గంటకు 3.6 జీబీ. 3 ఎంబీపీఎస్ ఉన్న మామూలు ఛానల్ 1.35 జీబీ. 25 ఎంబీపీఎస్ అల్ట్రా హెచ్‌డీ అయితే 11 జీబీ దాటుతుంది. ఈ లెక్కన 500 జీబీలో హెచ్‌డీ సుమారు 135 గంటలు పడుతుంది, ఒక టీబీలో దానికి రెట్టింపు. నిజం చెప్పాలంటే 500 జీబీ నిండా రికార్డు చేసి చూడకుండా వదిలేసిన ఇళ్లే ఎక్కువ.

వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు, నాలుగు హెచ్‌డీ ఛానళ్లు ఒకేసారి రాసినా సెకనుకు 4 ఎంబీ, యూఎస్‌బీ 2.0 కే అది సులువు. డిస్క్ రకమే ముఖ్యం. పెన్‌డ్రైవ్ పరీక్షలకు సరే, టైమ్‌షిఫ్ట్ (నడుస్తున్న ఛానల్‌ను ఆపి వెనక్కి తిప్పి చూసే సదుపాయం) ఆన్‌లో ఉంటే పెట్టె నిరంతరం రాస్తూనే ఉంటుంది, చవక పెన్‌డ్రైవ్ దానికి ఎక్కువ కాలం ఆగదు. 2.5 అంగుళాల లాప్‌టాప్ డిస్క్ యూఎస్‌బీ కరెంటుతోనే తిరగాలి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే, తిరగడం మొదలుపెట్టేటప్పుడు డిస్క్ అంతకంటే ఎక్కువ లాగుతుంది, అప్పుడు 'డిస్క్ కనబడలేదు' అని వస్తుంది లేదా రికార్డింగ్ మధ్యలో తెగుతుంది. ఇలాంటప్పుడు సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ పెట్టండి. పెట్టెలోపల పెట్టే 3.5 అంగుళాలదైతే సీసీటీవీ కోసం చేసినవి తీసుకోండి, రాత్రింబవళ్లు రాయడానికే చేశారు. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందని భయపెడతారు గానీ 8 ఎంబీపీఎస్‌తో 24 గంటలూ టైమ్‌షిఫ్ట్ రాసినా రోజుకు 86 జీబీ, ఏడాదికి 31 టీబీ దాకా. 300 టీబీ రాతకు హామీ ఉన్న 500 జీబీ ఎస్‌ఎస్‌డీలు మామూలుగా దొరుకుతాయి. పడకగదిలో పెట్టేవాళ్లు శబ్దం లేనిది కాబట్టి ఎస్‌ఎస్‌డీకే వెళ్లండి.

ఫార్మాట్ కూడా చూసుకోవాలి. ఎఫ్‌ఏటీ32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి పెట్టె సినిమాను ముక్కలుగా రాస్తుంది. ముక్కల అతుకు దగ్గర ఒక క్షణం మాట పోతుందా లేదా అన్నది పెట్టె పనితనం. వీలుంటే డిస్క్‌ను పెట్టె మెనూలోంచే ఫార్మాట్ చేయండి.

బిగించే రోజు

పాత పెట్టె పీకేముందు దాంట్లో సిగ్నల్ స్క్రీన్ తెరిచి నాలుగైదు ఛానళ్ల స్ట్రెంత్, క్వాలిటీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కొత్త పెట్టె శాతాలు దీనితో సమానంగా ఉండవు, ఒక్కో కంపెనీ ఒక్కో కొలబద్ద వాడుతుంది, కానీ పాతదాంట్లో ఏ ఛానల్ బాగా వచ్చేదో ఏది నీరసంగా ఉండేదో తెలుస్తుంది.

వైరు విప్పేముందు, బిగించేముందు పెట్టెను ప్లగ్ దగ్గరే ఆపండి, స్టాండ్‌బై చాలదు. ఆ వైరు మధ్య తీగలో 18 వోల్టుల దాకా ఉంటాయి, చుట్టూ ఉన్న అల్లిక తీగపోగు ఒక్కటి దాన్ని తాకినా షార్ట్. వైరు చివర ఉండే ఎఫ్ కనెక్టర్ విప్పి చూడండి, మధ్య తీగ కనెక్టర్ అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, నల్లబడి ఉంటే కొత్తగా కోసి బిగించండి. శాటిలైట్ సమస్యల్లో ఎన్నో ఈ చవకైన కనెక్టర్ దగ్గరే పుడతాయి.

మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం అడుగుతుంది. యూనివర్సల్ అయితే 9,750, 10,600 (సిగ్నల్‌ను దించడానికి ఎల్‌ఎన్‌బీ వాడే ఫ్రీక్వెన్సీలు, మెగాహెర్ట్జ్‌లో). కొన్ని ప్రాంతాల్లో 10,750 ఒక్కటే ఉన్నవి వాడతారు, సీ బ్యాండ్ పెద్ద డిష్‌కు 5,150. ఎల్‌ఎన్‌బీ మీదే అచ్చేసి ఉంటుంది, ఊహించి పెట్టొద్దు. డిష్‌లు రెండుంటే వాటిలో ఒకదాన్ని ఎంచే డైసెక్ స్విచ్‌లో ఏ పోర్టు దేనిదో రెండు ట్యూనర్లకూ విడివిడిగా చెప్పాలి. ఛానళ్ల స్కాన్ అయ్యాక వెంటనే గడియారం చూడండి. సమయం ఉపగ్రహం నుంచే వస్తుంది గానీ టైమ్‌జోన్ మీరు పెట్టాలి, అది అరగంట తేడాగా ఉంటే టైమర్లన్నీ అరగంట తేడాగానే పడతాయి.

పెట్టె చుట్టూ గాలి ఆడే చోటుండాలి. ఇంకో పెట్టె మీద పేర్చొద్దు.

మొదటి వారం దాన్ని బాగా సతాయించండి

వాపసు గడువు ఉన్నప్పుడే ఇదంతా చేయాలి. మామూలుగా వాడుతూ పోతే లోపాలు మూడో నెలలో, పండగరోజు సినిమా రికార్డు కాకపోయినప్పుడు బయటపడతాయి.

మొదట నాలుగు పావులూ చూడండి. ఛానల్ సమాచారంలో ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ ఉంటాయి, 11.7 గిగాహెర్ట్జ్ కింద ఒక హారిజాంటల్, ఒక వెర్టికల్, పైన ఒక్కొక్కటి తీసుకుని రెండు ట్యూనర్ల మీదా పరీక్షించండి. ఏది పోయిందో దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో చెప్పేయొచ్చు: హారిజాంటల్ ఛానళ్లన్నీ పోతే 18 వోల్టులు పైదాకా చేరడం లేదు, వైరు పొడవో కనెక్టరో చూడండి. పై బ్యాండ్ మొత్తం పోతే 22 కిలోహెర్ట్జ్ టోన్ అందడం లేదు, మధ్యలో ఉన్న స్విచ్‌నో మెనూ సెట్టింగునో అనుమానించండి. ఒక ట్యూనర్‌కు బాగుండి రెండోదానికి బాగోలేకపోతే వెనక వైర్లు రెండూ అటుఇటు మార్చండి, లోపం వైరుతో పాటు కదిలితే పెట్టె మంచిదే. విడిగా ఒకే ట్రాన్స్‌పాండర్ విరుగుతుంటే కార్డ్‌లెస్ ఫోన్ వైపు కూడా ఒక చూపు వేయండి, డెక్ట్ ఫోన్లు వాడే 1,880 నుంచి 1,900 మెగాహెర్ట్జ్ సరిగ్గా ఈ వైరులో నడిచే ఫ్రీక్వెన్సీల మధ్యే ఉంది, కవచం సరిగా లేని నాసిరకం వైరు దాన్ని పీల్చుకుంటుంది.

తర్వాత రద్దీ పరీక్ష. వేర్వేరు పావుల నుంచి రెండు ఛానళ్లు రికార్డుకు పెట్టి, అదే సమయంలో పాత రికార్డింగ్ ఒకటి ప్లే చేసి ముందుకూ వెనక్కూ పరుగెత్తించండి. ఇక్కడ రిమోట్ నొక్కిన మూడు సెకన్లకు స్పందిస్తుంటే అది రేపు మెరుగుపడదు. రెండూ అయ్యాక రికార్డింగుల చివరి పది నిమిషాలు తప్పకుండా చూడండి, పెదవులకూ మాటకూ పొత్తు తప్పితే సాధారణంగా చివర్లోనే తెలుస్తుంది. సబ్‌టైటిల్స్, రెండో భాష ఆడియో రికార్డింగులో ఉన్నాయా లేవా అన్నదీ అప్పుడే.

టైమర్‌ను స్టాండ్‌బైలో పెట్టి చూడటం అందరూ చేస్తారు. ఎవరూ చేయనిది ఇంకోటుంది, టైమర్ పెట్టి, స్టాండ్‌బైలోకి పంపి, ప్లగ్ పీకి రెండు నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. కరెంటు వచ్చాక కొన్ని పెట్టెలు తమంతట తాము లేచి గడియారం సరిచేసుకుని టైమర్ ప్రకారం పని చేస్తాయి. కొన్ని సమయం తెలియక గమ్మున పడుకుంటాయి, మీరు రిమోట్ నొక్కేదాకా లేవవు. మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు ఒక్కసారి పోయివస్తే వారం రికార్డింగులన్నీ పోతాయన్నమాట. నా దృష్టిలో రికార్డర్ మంచిదా కాదా అని తేల్చే పరీక్ష ఇదే, ఇందులో ఓడిపోయిన పెట్టెను మిగతావన్నీ ఎంత బాగున్నా వెనక్కి ఇచ్చేయండి.

ఒకే ఛానల్‌లో వెంటవెంటనే వచ్చే రెండు కార్యక్రమాలకు టైమర్లు పెట్టి, అదనపు నిమిషాలు కలవనివ్వండి, మొదటిదాని తోక రెండోదాని తలను కొరికేస్తుందేమో తెలుస్తుంది. అర్ధరాత్రి దాటే రికార్డింగ్ ఒకటి పెట్టండి. డిస్క్ నిండితే ఏం చేస్తుందో తెలుసుకోవడానికి పెద్ద డిస్క్ నిండేదాకా ఆగనక్కర్లేదు, యూఎస్‌బీ పెట్టె అయితే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టి పొడుగాటి రికార్డింగ్ ఇవ్వండి: పాతది తానే తుడిచేస్తుందా, ఆగిపోతుందా, లేక సగం ఫైలును కూడా పాడుచేసి చేతులెత్తేస్తుందా. తర్వాత ఒక ఫైలు కంప్యూటర్‌లోకి కాపీ చేసి తెరవండి, నల్ల తెర వస్తే అది ఎన్‌క్రిప్ట్ అయిందని అర్థం, దాచుకోవాలన్న ఆశ ఉంటే పెట్టె మార్చడానికి ఇదే సమయం.

వానను మనం రప్పించలేం కానీ తట్టుకుంటుందా అన్నది లెక్క వేయొచ్చు. స్ట్రెంత్ పట్టించుకోవద్దు, క్వాలిటీని డెసిబెల్స్‌లో చూపించే పెట్టె అయితే ఆ అంకె చూడండి. డీవీబీ ఎస్2 అనే ప్రసార పద్ధతిలో, 8పీఎస్‌కే 3/4 కోడింగ్ (డేటాను సిగ్నల్‌లోకి ఎక్కించే తీరు) ఉన్న ఛానల్ బొమ్మ నిలవాలంటే సుమారు 8 డెసిబెల్స్ కావాలి, క్యూపీఎస్‌కే 3/4 అయితే 4 చాలు. ఎండరోజున 9 ఉంటే ఒక మోస్తరు వానకే హెచ్‌డీ పోతుంది, 12 పైన ఉంటే నిశ్చింత. డిజిటల్ సిగ్నల్ మెల్లగా మసకబారదు, ఆ గీత దాకా అద్దంలా ఉండి గీత దాటగానే మొత్తం పోతుంది, అందుకే ఈరోజు బొమ్మ బాగుంది కదా అన్నది లెక్కకు రాదు. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల కొన్ని రోజులు వరసగా పగటిపూట ఒకే సమయానికి కాసేపు సిగ్నల్ పోతే పెట్టెను తిట్టకండి, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ కాసేపు ఎవరి డిష్ పనిచేయదు.

మరి ఎవరికేది

ఒకే వైరు, ఉచిత ఛానళ్లు, ఒక్క టీవీ: టీవీలో ట్యూనర్ ఉంటే ముందు దాంతోనే ఒక నెల గడిపి చూడండి, దాచుకోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం రిసీవర్ కొనండి. చందా ఛానళ్లు కావాలి, ఇంట్లో నలుగురు వాడతారు: సర్వీసు వాళ్ల పెట్టె, రెండు వైర్లతో, మరో మాట లేదు. సొంత రిసీవర్‌లో చందా కార్డు పెట్టి పని కానిద్దామని చూసేవాళ్లు ఎంత సమయం తగలేస్తారో చూస్తే జాలేస్తుంది. మూడు తెరలు, ఇంట్లో నెట్‌వర్క్ వైర్లు ముందే ఉన్నాయి, ఎక్కువ ఉచిత ఛానళ్లే: శాట్ ఐపీ. ఎనిగ్మా2 కొనాల్సినవాళ్లకు తాము కొనాల్సినవాళ్లమని ఇప్పటికే తెలుసు.

దుకాణంలో రెండు పెట్టెలు అన్నింట్లో సమానంగా కనిపిస్తే రిమోట్ చేతిలోకి తీసుకోండి. ప్లే, పాజ్, ముందుకు, వెనక్కు బటన్లు చీకట్లో వేలికి తెలియాలి, రికార్డు బటన్ పక్కనే పవర్ బటన్ ఉండకూడదు. చిన్న విషయమే, కానీ రోజూ చేతిలో ఉండేది అదే.

పరీక్షలన్నీ అయ్యేదాకా పాత పెట్టెను అటకెక్కించకండి, ఎవరికీ ఇచ్చేయకండి. సెట్టింగులు, ఛానళ్ల జాబితా యూఎస్‌బీలోకి బ్యాకప్ తీసే సదుపాయం ఉంటే తీసిపెట్టుకోండి. కొత్త పెట్టె నెట్‌కు కలిపిన కొన్నాళ్లకే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తోసేస్తుంది, అది అయ్యాక ప్లగ్ పీకి పెట్టే టైమర్ పరీక్ష ఇంకోసారి చేయండి, అప్‌డేట్ తర్వాత స్టాండ్‌బై సెట్టింగ్ మొదటికి మారిపోయిన పెట్టెలున్నాయి.